బొమ్మ అడుగున ముద్ర

ఉదయము రేడియో మీట త్రిప్పగానే, ప్రకటనకర్త గొంతు విప్పకముందే, తంబుర శ్రుతిమీద వయొలిన్ పలికెడి ఒక చిన్న స్వరవరుస వినవచ్చును. దానికి మాటలు లేవు. అందులో కేంద్రము పేరు లేదు, ఊరి పేరు లేదు. అయినను వంటయింటిలో పొయ్యి దగ్గరనున్న ఇల్లాలు సయితము "రేడియో మొదలయింది" అనుకొనును. ఆ వరుసను కూర్చినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అను చెకోస్లోవేకియా సంగీత విద్వాంసుడు. 1930ల దశకములో ఐరోపా విడిచి బొంబాయి చేరి, అక్కడి రేడియో కేంద్రములో పాశ్చాత్య సంగీత విభాగమును నడిపినవాడు. ప్రభుత్వములు మారినవి, రేడియో పెట్టెయే మారి అరచేతి యంత్రములో ఇమిడిపోయినది, ఆ స్వరములు మాత్రము మారలేదు.

ఈ వ్యాసమును ఆ వరుసతో ఆరంభించుటకు కారణమున్నది. వ్యాపారస్థులు నేడు "లోగో" అనియు "బ్రాండు" అనియు పిలుచుచున్నవి ఏమిటో చెప్పుటకు రేడియోగల ఇంటివారికి ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మాకు తోచలేదు. పేరు చెప్పకుండ పేరును తలపించునది చిహ్నము. దానిని చూచినప్పుడో విన్నప్పుడో మనస్సులో కలుగు నమ్మకము, లేదా అపనమ్మకము, బ్రాండు. మొదటిదానిని చిత్రకారుడు ఒక వారములో గీసి ఇయ్యగలడు. రెండవదానిని సరుకే ఏండ్ల తరబడి సంపాదించి పెట్టవలెను. ఈ రెంటికిని గల భేదము తెలియక చిన్న వర్తకులు పలువురు బొమ్మకు డబ్బు పోసి సరుకును మరచుచున్నారు.

శబ్దమునకు కూడ చిహ్నముగా చట్టబద్ధమైన హక్కు కలదా యని శ్రోతలు అడుగవచ్చును. కలదు. మన దేశములో మొట్టమొదట నమోదయిన శబ్దచిహ్నము యాహూ అను అమెరికా సంస్థవారి కూత. అది 2008లో నమోదయినది.

లోగో అను మాట క్రొత్తది కాని వస్తువు మనకు క్రొత్త కాదు. మన జిల్లాలలో దానిని "మార్కా" అందురు. ఇంద్రవెల్లి అంగడిలోనో జైనూరు అంగడిలోనో ఒక పూట నిలిచి చూచినవారికి మార్కా విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఒకే దుకాణము ముందు గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినవచ్చును. "ఏ మార్కది గావాలె?" అని దుకాణదారు అడుగును. కొనువాడు పేరు చెప్పడు, వ్రేలు చూపును. ఆ వ్రేలు అక్షరముల వైపు పోదు, పొట్లముపైనున్న గుఱ్ఱము వైపో, దీపము వైపో, ఏనుగు వైపో పోవును. ఆరు భాషల నడుమ బొమ్మయే ఏడవ భాషగా పనిచేయుచున్నది. చదువురానివారి కొరకే ఈ బొమ్మలని పట్టణవాసులు అనుకొందురు. అది సరికాదు. గ్రామఫోను ముందు చెవి నిక్కించి కూర్చున్న కుక్క బొమ్మను చూచి రికార్డు కొన్నవారిలో పట్టభద్రులు తక్కువా? ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాన్సిస్ బారడ్ పందొమ్మిదవ శతాబ్దము చివర గీసిన ఆ చిత్రములోని కుక్క పేరు నిప్పర్. దాని యజమాని ఎవరో ఎరుగని మన ఊళ్లలో కూడ అది ఇంటి కుక్కవలె పరిచితమయినది. అట్లే మర్ఫీ రేడియోవారి బోసినవ్వుల పసివాడు క్యాలెండర్లలో ఎన్ని గోడల కెక్కెనో పెద్దవారికి జ్ఞాపకముండును. రేడియో కొనలేని ఇంటిలోను ఆ పసివాడు ఉండెడివాడు.

"బ్రాండు" అను ఇంగ్లీషు మాటకు మూలార్థము కాల్చుట. పశువుకు వాత వేసి, ఇది ఫలానివారిదని తెలుపుట. ఇది మనకును తెలిసిన ఆచారమే. దేవుని పేర ముద్ర వేసి విడిచిన కోడెదూడను ఊరివారు తమ చేలలో పడినను కొట్టరు. "అచ్చోసిన ఆంబోతు" అను మాట నేడు తిట్టుగా మిగిలినది కాని, దాని వెనుకనున్న న్యాయము గమనింపదగినది. ఆ ఎద్దును కాచునది దాని బలము కాదు, తొడమీది ముద్ర. ఆ ముద్ర ఎవరిదో ఊరందరికి తెలియుటయే దానికి రక్ష. ఊరిలో ప్రతి ఎద్దుకును అదే ముద్ర ఎవరంటే వారు వేయసాగినచో నిజమైన దేవుని ఎద్దుకు రక్ష ఏది? వాణిజ్య చిహ్నముల చట్టమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగును.

ఇంగ్లండులో చిహ్నముల నమోదు మొదలయినప్పుడు, 1876లో, మొదటి సంఖ్య పొందినది బాస్ అను బీరు వర్తకుల ఎఱ్ఱ త్రిభుజము. మన దేశమున 1940లో తొలి చట్టము వచ్చినది. తరువాత 1958లో ఒకటి. నేడు అమలులోనున్నది 1999 నాటి చట్టము, 2003 సెప్టెంబరు 15 నుండి. నమోదు పది సంవత్సరములు చెల్లును. రుసుము కట్టి ఎన్నిమారులైనను పొడిగించుకొనవచ్చును. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించినారు. కాగితము 16వ తరగతి, కుర్చీలు బల్లలు 20వది, ఆటబొమ్మలు 28వది. సబ్బుకు నమోదు చేయించినవాడు అదే బలముతో టీపొడిమీద హక్కు చెప్పలేడు. చిహ్నము పక్కన చిన్న వలయములో "ఆర్" అక్షరము కనుపించునే, అది నమోదయిన తరువాతనే పెట్టవలెను. ముందుగా పెట్టుటకు చట్టము ఒప్పదు. "టీ ఎమ్" అను రెండక్షరములు మాత్రము ఎవరైనను పెట్టుకొనవచ్చును. వానికి హెచ్చరికకు మించిన బలము లేదు.

ఇక మన జిల్లా పేర్లకు వత్తము. ఉత్తర తెలంగాణమున పేరు సరుకును మోసిన కథలు, సరుకు పేరును మోసిన కథలు రెండును ఉన్నవి. బెల్లంపల్లి, మందమర్రి గనులలో త్రవ్విన బొగ్గును లోకము "సింగరేణి బొగ్గు" అనును. సింగరేణి అనునది ఖమ్మము సీమలోని ఒక పల్లె. అక్కడ బొగ్గు త్రవ్విన హైదరాబాదు దక్కన్ కంపెనీ 1920లో ఆ పల్లె పేరు తాల్చినది. గోదావరి దాటి ఎంత దూరము వచ్చినను పేరు మాత్రము వెంటవచ్చినది. కాగజ్‌నగరము కథ దీనికి విపర్యయము. కొత్తపేట అను ఊరిలో 1938లో సిర్పూరు కాగితపు మిల్లు వెలసిన తరువాత ఊరే సరుకు పేరు పెట్టుకొన్నది. 2014లో మిల్లు నిలిచిపోయినది. 2018లో మరల తెరచువరకు, కాగితము లేని కాగజ్‌నగరములో పనివారి కుటుంబములు ఎట్లుండెనో అక్కడివారిని అడుగవలెను. పేరు కడుపు నింపదనుటకు ఇంతకంటె కఠినమైన సాక్ష్యము మాకు తెలియదు.

కాగితము ప్రస్తావన వచ్చినది గనుక ఒక్క మాట. మంచి కాగితమును వెలుతురునకు అడ్డముగ పట్టి చూచినచో లోపల ఒక నీడబొమ్మ కనుపించును. దీనిని నీటిగుర్తు అందురు. 13వ శతాబ్దమున ఇటలీ దేశములోని ఫాబ్రియానో కాగితపు పనివారు దీనిని కనిపెట్టిరి. ఈ చిహ్నము సరుకుమీద అంటించినది కాదు, సరుకులోనే ఉన్నది. దానిని చింపి పారవేయుటకు వీలులేదు. మంచి చిహ్నమునకు ఇది ఆదర్శమని మా అభిప్రాయము.

నిర్మలకు అట్టి నీటిగుర్తు ఏది? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో తోచలేదు, ఇంటిలో తోచినది. కొన్నేండ్ల క్రిందట దూరపు నగరములో ఒక దుకాణమున బంధువుల పిల్లలకని "నిర్మల్ బొమ్మలు" అని అచ్చొత్తిన పెట్టె నొకదానిని కొంటిమి. మామిడిపండు, జామపండు, సీతాఫలము, దోసకాయ. రంగులు ముచ్చటగనే ఉండినవి. ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి, నిర్మల ప్రాంతమువాడు, మామిడిపండును చేతిలోకి తీసుకొని "ఇది బరువున్నదేమి?" అన్నాడు. మేము ఆ మాట పట్టించుకొనలేదు. మరునాడు పసిది దానిని నేలమీద వేసినది. పండు నాలుగు ముక్కలై లోపల తెల్లని ప్లాస్టరు బయటపడినది. పొనికి కఱ్ఱతో చేసిన బొమ్మ నేలబడినచో రంగు లేచిపోవునేమో కాని ముక్కలు కాదు. పెట్టెమీద నిర్మల పేరున్నది; చేసినవారి పేరు లేదు, ఊరు లేదు, సంఘము లేదు. డబ్బు పోయినందుకు కాదు మా బాధ. ఆ పసిది పెద్దదై "నిర్మల బొమ్మలు పగిలిపోతవి" అని నలుగురికి చెప్పును. చేయని తప్పుకు పేరు పోగొట్టుకొనువారు నిర్మల నకాషీలు.

నిర్మల బొమ్మ చేయువిధానము తెలిసినవారికి ఈ అన్యాయము ఇంకను బాగుగ తెలియును. పొనికి కఱ్ఱ మెత్తనిది, మిక్కిలి తేలిక. దానిని చెక్కి భాగములు చేసి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుదురు. సందులు పూడ్చి, తెల్లసుద్ద పూసి, ఎండనిచ్చి, నునుపు చేసి, అప్పుడు రంగు వేయుదురు. కొండపల్లి బొమ్మకును పొనికియే ఆధారము. కనుక కఱ్ఱ చూచినంతనే నిర్మలయని చెప్పలేము. నిర్మలది పండుమీద పండిన చోటికిని పచ్చిగనున్న చోటికిని నడుమ రంగు కరగిపోవు తీరు, నిజమైన కాయను ప్రక్కన పెట్టినను చేయి తడబడునట్లు చేయు నేర్పు. నిర్మల చిత్రములలో నల్లని నేలమీద బంగారు ఛాయ మెరయు తీరు కూడ అట్టిదే. ఇవి ఆ ఊరి నీటిగుర్తులు. కాని వానిని గుర్తించుటకు చూపు అలవడవలెను. పెట్టె కొనువానికి అంత తీరిక ఏది? అందుచేతనే ముద్ర కావలసివచ్చినది.

నకాషీలకు నిమ్మనాయుడు అను పాలకుడు ఆశ్రయమిచ్చెననియు, ఊరికి ఆయన పేరే వచ్చెననియు చెప్పుదురు. వీరు సహకార సంఘముగా కూడుకొన్నది 1955లో. రైలు మార్గము లేని ఊరు గనుక, హైదరాబాదు నుండి నాగపురము పోవు పెద్దబాట మీద ఆగిన ప్రయాణికులే చాలకాలము వీరికి ముఖ్యమైన కొనుగోలుదారులు. బాట ప్రక్కన కొన్నవానికి ముద్రతో పనిలేదు. చేసినవాడు ఎదుటనే ఉన్నాడు. బొమ్మ ఊరు దాటిన తరువాతనే చిక్కు మొదలగును.

ఇక్కడ సాధారణ వాణిజ్య చిహ్నపు చట్టము అంతగా ఆదుకొనదు. "నిర్మల" అనునది ఊరి పేరు. ఊరి పేరును ఒక వర్తకుడు తన సొంతము చేసికొనుటకు చట్టము సామాన్యముగ ఒప్పదు, అది న్యాయమే. అయినచో ఊరంతటికి కలిపి హక్కు ఎట్లు? దీనికే 1999లో భౌగోళిక గుర్తింపుల చట్టమని మరియొకటి చేసి, 2003 సెప్టెంబరు 15ననే అమలులోకి తెచ్చిరి. దీని నమోదు కార్యాలయము చెన్నైలో నున్నది. డార్జిలింగు టీ మొదటిది. మన ప్రాంతమున నిర్మల బొమ్మలు, నిర్మల చిత్రములు, నిర్మల కుర్చీ బల్లలు, కరీంనగరపు వెండి తీగపని ఈ శతాబ్దపు తొలి దశకములోనే ఈ గుర్తింపు పొందినవి. ఆదిలాబాదు డోక్రా పోతపని 2018లో పొందినది.

ఈ హక్కు వ్యక్తిది కాదు, సముదాయముది. అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, ఇతరులకు వ్రాసి ఇచ్చుటకు వీలులేదు. దొంగగా వాడినవారికి చెరసాల శిక్షయు జరిమానాయు ఉన్నవి. పత్రికలలో "మన బొమ్మకు గుర్తింపు వచ్చినది" అని చదివి సంతోషించి ఊరకుండువారు గమనింపవలసిన విషయ మొకటున్నది. పేరు నమోదగుట ఒక మెట్టు మాత్రమే. ఆ పేరును వాడుకొనుటకు ప్రతి పనివాడును "అధీకృత వినియోగదారు"గా తన పేరు విడిగా వ్రాయించుకొనవలెను. చట్టము ముందు నిలిచి "ఇది నా పేరు, వాడు దొంగిలించినాడు" అని అడుగుటకు అదియే ఆధారము. 2020లో ఈ రుసుమును 500 రూపాయల నుండి 10 రూపాయలకు తగ్గించినారు. కనుక అడ్డము డబ్బు కాదు. కాగితములు, తీరిక, చెప్పువారు లేకపోవుట. ఊరూర సభలు పెట్టి పట్టములు పంచుటకంటె ఒక బల్ల, ఒక గుమాస్తా, నకాషీ ఇంటి ముంగిట రెండు దినములు కూర్చున్న మేలు.

డోక్రా సంగతి మరియొక చిక్కు. మైనముతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి, మైనము కరగిపోయిన చోట ఇత్తడి పోయుట ఈ విద్య. ఓజా కులస్థులు గోండుల దేవతామూర్తులను, గజ్జెలను, దీపములను ఈ రీతిగా చేయుదురు. మైనము కరగుటతో అచ్చు పోవును గనుక ఒకదాని వలె మరియొకటి ఉండదు. వీరుండు ఉషేగాము జైనూరు మండలములోనిది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు ఆ మండలము కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలోనికి పోయినది. నిర్మల కూడ వేరు జిల్లా అయినది. అయినను సరుకు పేరు "ఆదిలాబాదు డోక్రా"యే. దీనిని మార్చవలెనని అడుగువారు లేకపోలేదు. మా మట్టుకు మార్చరాదనియే తోచుచున్నది. సరిహద్దులు ప్రభుత్వము గీయును. పేరు కొనువాని జ్ఞాపకములో నుండును. రాష్ట్రము విడిపోయిన తరువాత జరిగినది ఇందుకు దృష్టాంతము. 1982లో ఏర్పడిన హస్తకళల అభివృద్ధి సంస్థ దుకాణములకు "లేపాక్షి" అని పేరు. నిర్మల బొమ్మ కావలసినవారు ముప్పది సంవత్సరములు లేపాక్షికి పోవుట అలవాటు చేసికొన్నారు. 2014 తరువాత తెలంగాణపు దుకాణములు "గోల్కొండ" అయినవి. పేరు మంచిదే, కారణము న్యాయమైనదే. కాని ముప్పది ఏండ్ల అలవాటును మరల మొదటి నుండి సంపాదింపవలసి వచ్చినది. పేరు మార్చు ప్రతి వ్యాపారికిని ఈ ఖర్చు తప్పదు. అది లెక్కల పుస్తకములో కనబడదు.

నకాషీలో, పోతపనివారో, పచ్చళ్లు చేయు మహిళా సంఘమో తమకొక చిహ్నము వ్రాయించుకొనదలచినచో ఎట్లుండవలెను? రేడియోలో పనిచేయువారము గనుక మా పరీక్ష మాది. చిహ్నమును చూపకుండ మాటలతో ఒక్క వాక్యములో చెప్పవలెను. "ఎఱ్ఱ త్రిభుజము." "గ్రామఫోను ముందు కుక్క." విన్నవాడు కన్నులు మూసికొని దానిని చూడగలిగినచో అది నిలుచును. "పైన సూర్యుడు, క్రింద పొలము, నడుమ చేతులు కలిపిన స్త్రీలు, చుట్టును పండ్ల దండ, దానిక్రింద నినాదము" అని మేము ఊపిరి తీసికొనవలసి వచ్చినచో చిత్రకారునికి మరల పని చెప్పుట మంచిది. రంగు తీసివేసినను పోల్చుకొనునట్లుండవలెను. రబ్బరు ముద్రకు రంగులు రెండుండవు. అణాకాసంత చేసినను చెదరరాదు. అంతర్జాలములో దొరకిన బొమ్మను దించుకొనుట మాత్రము కూడదు. అదే బొమ్మ మరి పదిమంది దించుకొని యుందురు; నమోదుకు పోయినప్పుడు అభ్యంతరము వచ్చును. నమోదు దరఖాస్తు పత్రికలో ప్రకటించిన నాలుగు నెలల లోపల ఎవరైనను అభ్యంతరము తెలుపవచ్చును. చిన్న వ్యాపారికి ఒక తరగతికి కంప్యూటరు ద్వారా రుసుము 4,500 రూపాయలు.

మేము ఈ సంగతులన్నియు నిర్మలలో ఒక వృద్ధ శిల్పితో ముచ్చటించితిమి. ఆయన చేతిలో అప్పుడు ఒక సీతాఫలము తయారగుచుండెను. ప్రతి బొమ్మ అడుగునను ఊరి ముద్ర, చేసినవాని గుర్తు వేయుట మంచిదని చెప్పితిమి. ఆయన శ్రద్ధగా విని, కాయను వ్రేళ్ల నడుమ మెల్లగా ఒక చుట్టు త్రిప్పి, నవ్వినాడు.

"ముద్ర ఏస్త సారూ. అడుగేది? సీతాఫలానికి అడుగుంటదా? యాడ ఏసినా, గిది పండు గాదు, బొమ్మ అని తెలిసిపోతది గద."

మాకు జవాబు తోచలేదు. ఎంత నేర్పుగ పని చేసినను, ఆ నేర్పునకే ముద్ర అడ్డము. కొంతసేపటికి ఆయనయే తొడిమ దగ్గర దారము చుట్టి, చిన్న అట్టముక్క ఒకటి వ్రేలాడదీసి, ఎత్తి చూపినాడు. గాలికి అది తిరుగుచుండెను. "గిట్లయితే పండుకు పండే, పేరుకు పేరే" అన్నాడు. అట్టముక్కమీద ఇంకను ఏమియు వ్రాయలేదు.